రెలుపు వేళను నిర్ణయింపవలసినది ఆకా, బ్యారనా?

పుష్యమాసము వచ్చినది మొదలు మన పొగాకు గ్రామములలో నలుగురు రైతులు కలిసికొన్నచోట వినబడు ప్రశ్న యొక్కటియే. "మీ బ్యారను ఎప్పుడు నింపుచున్నారు?" అని యడిగెదరు గాని, "మీ ఆకు పండినదా?" అని యడుగువారు మిక్కిలి యరుదు. ఈ రెండు ప్రశ్నలకును భేదము స్వల్పముగా తోపవచ్చును. కాని అప్పు చేసి, నారు పోసి, నాటి, నీరు కట్టి, పిలకలు గిల్లి, కంటికి రెప్పవలె కాపాడిన పైరు తుదకు వేలము కేంద్రములో ఏ ధర తెచ్చునో యీ భేదములోనే యిమిడియున్నదని నా దృఢాభిప్రాయము. దానిని మన సంఘ సభ్యుల యెదుట నుంచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను చెప్పబోవు సంగతి క్రొత్తది కాదు. ఆకు పండిన పిమ్మటనే కోయవలెనని యెరుగని రైతు మన ప్రాంతమున నొక్కడును లేడు. ఎరిగియుండియు పచ్చియాకును బ్యారనులోని కెక్కించుచున్నాము. ఎందుచేత? కూలీలు నేడు దొరకిరి, రేపు దొరకరు. బాడుగ బ్యారను వంతు నేడు వచ్చినది, మరల పదిదినములకు గాని రాదు. పొరుగువాడు మూడవ రెలుపు ముగించెను, మనమింకను రెండవదానిలోనే యున్నాము. ఈ మూడు కారణములలో నొక్కటియు ఆకునకు సంబంధించినది కాదు. పైరు పక్వమును పైరును చూచి నిర్ణయించుటకు మారుగా, పైరు వెలుపలనున్న తొందరలనుబట్టి నిర్ణయించుచున్నాము. ఇదియే నా ఫిర్యాదు.

నాటుపొగాకు సాగుచేసిన మన పెద్దలకు ఈ చిక్కు ఇంతగా లేకుండెను. చెట్టునంతను ఒక్కసారి కోసి యెండలోనో పందిళ్ల క్రిందనో ఆరవేయునప్పుడు ఋతువునకు నిర్ణయ మొక్కటియే. వర్జీనియా పొగాకు అట్టిది కాదు. 1920వ దశకములో గుంటూరు మండలమున నీ పైరు వేళ్లూనినది మొదలు రైతునకు మరియొక విధమైన చూపు అవసరమైనది. దీని యాకులు అడుగునుండి పైకి వరుసగా పండును. వారమునకో పదిదినములకో ఒకసారి చెట్టుకు రెండు మూడాకుల చొప్పున విరచుచు ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు చేలోనికి దిగవలెను. అనగా ఋతువున కొక్క నిర్ణయము కాక ఆరేడు నిర్ణయములు. ప్రతి నిర్ణయమును వేరు వేరు ఆకును గూర్చినది. ప్రతి తప్పును వేరు వేరు బేళ్లలో బయటపడును.

ఇంకొక సంగతి గలదు. తక్కిన పైరులలో నాణ్యము తగ్గినను దిగుబడి హెచ్చించి నష్టమును కొంత పూడ్చుకొనవచ్చును. పొగాకులో ఆ మార్గము మనకు లేదు. 1975వ సంవత్సరపు చట్టము ననుసరించి 1976లో గుంటూరు కేంద్రముగా నేర్పడిన పొగాకు బోర్డు బ్యారనుకు ఇంత యని పరిమాణమును నిర్ణయించుచున్నది. 1985 మొదలు మన రాష్ట్రమున బోర్డు వేలము కేంద్రములలోనే అమ్మకము జరుగుచున్నది. అమ్మదగిన తూకము ముందే నిర్ణయమైన పంటలో రైతు చేతిలో మిగిలినది ఆ తూకమునకు రాదగిన ధర మాత్రమే. కొనువాడు బేలు విప్పి చూచునది రంగు, మెత్తదనము, మచ్చ, ఆకు చెట్టున నున్న స్థానము. వీనిలో మొదటి రెండును బ్యారనులో కనిపించునే గాని బ్యారనులో పుట్టవు. అవి చేలో పుట్టును.

పక్వమనగా నేమో ముందు తెలిసికొందము. పచ్చిగా పెరుగుచున్న ఆకు చెట్టునకు వంటయిల్లు వంటిది. సూర్యరశ్మితో ఆహారమును వండి చెట్టునకు పంపుచుండును. ఆకు పెరుగుదల నిలిచిన పిమ్మట ఆ వంటకము పిండిపదార్థ రూపమున ఆకులోనే నిలువయగుచు వచ్చును. నత్రజని క్రమముగా తగ్గును. పచ్చదనమునకు కారణమైన పత్రహరితము సడలుట కారంభించును. ఆ పచ్చదనము చాటున మొదటినుండియు నున్న పసుపువన్నె కొంచెము కొంచెముగా బయటికి తొంగిచూచును. ఈ దశయే పక్వము. బ్యారనులో మనము చేయునది ఈ పనిని ముగించుట మాత్రమే. మందమైన వేడిలో ఆకు ఇంకను ప్రాణముతో నుండి, తనలోని పిండిపదార్థమును చక్కెరగా మార్చుకొని, మిగిలిన పచ్చదనమును విడిచి పసుపుబారును. చేలో ఆరంభము కాని పనిని బ్యారను ఆరంభింపజాలదు.

ఇక గుర్తులు. వీనిని నేను మూడు తెగలుగా జెప్పుదును. కంటి గుర్తు, చేతి గుర్తు, చెవి గుర్తు.

కంటితో చూడవలసినది మొదట వన్నె. ముదురు పచ్చ లేబచ్చగా మారి, కొసయందును అంచులయందును పసుపు పొడచూపవలెను. రెండవది నడిమి యీనె. పచ్చియాకున కది పచ్చగా నుండును. పండిన యాకున కది తెల్లబడి మెరయును. వన్నె విషయమున సందేహము కలిగినప్పుడు నేను ఈనెనే నమ్ముదును. మూడవది ఆకు నిలుచు తీరు. ఎదుగుచున్న యాకు చేతులెత్తినట్లు పైకి నిలుచును. పండిన యాకు కాండమునుండి దూరముగా వాలి, కొసయు అంచులును క్రిందికి ముడుచుకొనును.

చేతి గుర్తు ఆకు స్పర్శ. పచ్చియాకు పట్టుబట్టవలె నునుపుగా జారును. పండిన యాకు కొంచెము బరకగా, ముడుతలు పడి, దళసరిగా తగులును. చేలో నొక గడియ తిరిగి వచ్చునప్పటికి వ్రేళ్లకు జిగురంటి నల్లబడవలెను. ఆ జిగురు ఆకుపైనున్న సన్నని నూగునుండి యూరునది. మంచి వాసన కది యాధారము.

చెవి గుర్తును మన కూలివారు పుస్తకములు చదువకయే యెరుగుదురు. పండిన యాకు మొదలును బొటనవ్రేలితో క్రిందికి నొక్కినంతనే టక్కుమని శుభ్రముగా విరుగును. పండనిది సాగి, కాండపు తొక్కను కొంత ఊడదీసికొని వచ్చును. చెట్టు తన యాకును తానుగా విడుచుటకు సిద్ధపడినదా లేదా యని తెలిసికొనుట కింతకన్న సులభమైన పరీక్ష లేదు.

అయితే యొకే కొలత అన్ని యాకులకును పనికిరాదు. ఇచ్చటనే పెక్కుమంది పొరబడుచున్నారు. అడుగాకు పలుచనిది, నీడన పెరిగినది. పండుట యెంత త్వరితమో చెడుటయు నంత త్వరితము. వన్నె తేలికపడి కొసన పసుపు జాడ కనబడినంతనే దానిని తీసివేయవలెను. పూర్తిగా పసుపుబారువరకు నిలిపినచో అది కాగితమువలె తేలిపోయి తూకమును గుణమును పోగొట్టుకొనును. నడిమి ఆకు పైరున కంతకును సొగసైనది. దాని విషయమున పైన చెప్పిన గుర్తులన్నియు కూడి కనబడువరకు ఆగవలెను. పై ఆకును కొసాకును మిక్కిలి ఓర్పును కోరును. తల త్రుంచిన పిమ్మట చెట్టు బలమంతయు వీనిలోనికే వచ్చి ఇవి దళసరి యగును. అందుచేత పండుటకు ఎక్కువ కాలము పట్టును. ఆకు మీద పసుపు పొడలు విరివిగా తేలి, ముడుతలు బాగుగా పడి, అక్కడక్కడ చిన్న గోధుమవన్నె చుక్కలు కనబడినను భయపడక నిలుపవలెను. మన రైతులు సాధారణముగా దీనికి వ్యతిరేకముగా చేయుదురు. ఋతువు మొదట ఉత్సాహము చాలక అడుగాకును మాడనిచ్చెదరు. ఋతువు కడపట విసుగుచేత పై యాకును పచ్చిగా దూసివేసెదరు.

చూచు వేళ కూడ ముఖ్యమే. మిట్టమధ్యాహ్నపు టెండలో ప్రతి యాకును పసుపుగానే కనబడును; సూర్యున కెదురుగా నడచునప్పుడు పచ్చియాకు సయితము వెలుగు చొరబడి పండినట్లు భ్రమ పెట్టును. పొద్దు పొడిచి, మంచు విడిచిన తరువాత, ఎండ ముదరక మునుపు, సూర్యుని వీపున నుంచుకొని చూడవలెను. మంచు విడువక పూర్వమే కోతకు దింపరాదనుటకు మరియొక కారణము గలదు. తడి పొగాకునుండి విషపదార్థము చర్మముగుండ దేహములోని కెక్కి కూలివారికి తలత్రిప్పుట, వాంతులు కలుగును. దీనిని వడదెబ్బ యనియో పైత్య మనియో త్రోసివేయుట మనకలవాటు. పనివారి యారోగ్యమునకును ఆకు గుణమునకును ఒకే వేళ మంచిదగుట మన యదృష్టము.

ఇక కపట పక్వమును గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. పసుపు వన్నె యంతయు పక్వము కాదు. బెట్టకు వాడి పసుపుబారిన యాకు కలదు. నత్రజని చాలక ఆకలిచే వెలవెలబోయిన యాకు కలదు. తెగులు తగిలి మచ్చలతో పసుపెక్కిన యాకు కలదు. ఇవి యన్నియు దూరమునుండి పండినట్లే కనబడును. దగ్గరకు పోయి పట్టి చూచిన యెడల జిగురుండదు, దళసరి యుండదు, విరుపు టక్కుమనదు. ఆకలిగొన్న బిడ్డ ముఖము పాలిపోవుటకును, పెద్దవాని తల నెరయుటకును గల భేదమిది. బెట్టకు పసుపెక్కిన చేనికి తడి యిచ్చి కొన్ని దినము లాగిన, చాల యాకులు తేరుకొని నిజముగా పండును. ఆగక కోసినవానికి ఆకు పేరున పొట్టు మిగులును.

దీనికి మారు వైపున అధికముగా నెరువు వేసిన చేను గలదు. పైరు నల్లనై చూపున కింపుగా నుండవలెనని ఆలస్యముగా నత్రజని చల్లినవారి చేలో ఆకు ఎన్నటికిని పసుపునకు రాదు. దినములు గడచును, ఆకు వయస్సు పెరుగును, పక్వము మాత్రము కలుగదు. అట్టి చేనియందు రెలుపును పట్టుబట్టి ముగించుటకన్న నాలుగు దినములు కాచుకొనుట లాభము. మరుసటి యేడు ఎరువు తగ్గించుట యింకను లాభము. వాన కురిసిన పిమ్మటను ఇట్లే జరుగును. పండనారంభించిన యాకు తిరిగి పచ్చబడును, జిగురు కడుగుకొనిపోవును. వాన మరుసటి దినముననే బ్యారను నింపుట వ్యర్థము. జిగురు మరల వ్రేలికంటువరకు ఓర్చుకొనవలెను.

పచ్చియాకును బ్యారను బాగుచేయునని కొందరి నమ్మకము. అందులకు బ్యారనులో జరుగు క్రమమును జ్ఞాపకము చేసెదను. మొదట ఫారన్‌హీటు 90 మొదలు 100 డిగ్రీల లోపల, తేమ పోనీయక ఆకును పసుపు చేయుట. పిమ్మట మెల్లమెల్లగా 120 డిగ్రీల వరకు పెంచి ఆ రంగును నిలుపుట. ఆ మీదట ఆకును ఆర్చి, కడపట 160 డిగ్రీల వద్ద ఈనెను ఎండించుట. మొత్తము అయిదారు దినముల పని. పండిన యాకు మొదటి దశను ఒకటిన్నర దినములోనే దాటును. పచ్చియాకు రెండు దినములైనను, మూడు దినములైనను కదలదు. అప్పుడు రైతుకు రెండే దారులు. వేడి పెంచెనా, ఆకు ప్రాణము పోయి పచ్చదనము శాశ్వతముగా నిలిచిపోవును. దానిని మరి యేయుపాయమును తొలగింపజాలదు. పెంచక యాగెనా, దానితో కూడ బ్యారనులోని కెక్కిన పండిన యాకు తన వేళను దాటి గోధుమరంగునకు తిరిగి మెత్తబడి చెడును. పచ్చి, పండు కలిపి నింపిన బ్యారనులో దేనికో యొకదానికి నష్టము తప్పదు.

ఇంధనమును కూడ లెక్కింపుడు. మామూలు బ్యారనులో కిలో ఆకును ఆర్చుటకు నాలుగైదు కిలోల కట్టెలు కాలునని అందరకు దెలిసినదే. అమ్ముడుపోని పచ్చియాకునకును అంతే కట్టెలు, కొన్ని పర్యాయము లంతకు మించియు కాలును. సరుగుడు, జామాయిలు కట్టెల ధర యెక్కిన యీ దినములలో పచ్చియాకును ఆర్చుట మన డబ్బును మనమే పొయ్యిలో పెట్టుట.

ఇది నేను పుస్తకములలో చదివి వ్రాయుచున్నానని చదువరులు తలంతురేమో. నా యనుభవము నొకదానిని, నాకు గౌరవము తెచ్చునది కాకపోయినను, చెప్పెదను. నేను వ్యవసాయ ప్రదర్శకుడనై కందుకూరు ప్రాంతమున చేరిన క్రొత్తలో ఒక చిన్న రైతు నన్ను సలహా అడిగెను. ఆయనకు సొంత బ్యారను లేదు. బాడుగ బ్యారనులో వంతు ఆ బుధవారము వచ్చినది. నేను నా చేతి పుస్తకము తీసి, నాటిన తేది చూచి, దినములు లెక్కించి, మూడవ రెలుపునకు వేళ మించినదని చెప్పితిని. ఆయన తల్లి అచ్చటనే కర్రలకు ఆకు అల్లుచుండెను. ఆమె ఒక ఆకును తీసి, వెనుకకు త్రిప్పి, ఈనెపై గోరుతో రాచి నా వైపు చూపి, "నాయనా, నీ పుస్తకంలో తేదీ ఉంది గాని యీ ఆకులో లేదు. ఈనె చూడు, గడ్డిపోచలాగా పచ్చగా ఉంది. ఇంకో వారం కావాలి దీనికి," అనెను. కుమారుడు, "అమ్మా, చదువుకున్నాయన చెప్తుంటే మధ్యలో నీవెందుకు?" అని ఆమెను వారించెను. నేనును ఊరకుంటిని. ఆ ఊరకుండుట నేడు తలచుకొన్నను సిగ్గగును.

బుధవారము బ్యారను నిండినది. శుక్రవారము రాత్రివరకు ఆకు పసుపునకు రాలేదు. వెనుక వంతువాడు తొందరపెట్టుచుండెను. రైతు నా మొగము చూచెను. నేను వేడి పెంచుమంటిని. దిగిన యాకు పచ్చి గోరింటాకు రంగున నుండెను. వేలము కేంద్రమునకు తీసికొనిపోయిన బేళ్లు రెండు పర్యాయములు కొనువారు లేక తిరిగివచ్చినవి. మూడవమారు పోయిన ధర కట్టెల ఖర్చునకును బాడుగకును సరిపోయినది. ఆ సంక్రాంతికి పెట్టవలసిన కుమార్తె సారెను ఆ యింటివారు మరుసటి యేటికి వాయిదా వేసిరి. నన్నెవ్వరును ఒక్క మాట యనలేదు. మరుసటి ఋతువున నేనే ఆ వృద్ధురాలియొద్దకు పోయి, "అమ్మా, ఈనె చూచుట నాకు నేర్పుము," అని యడిగితిని. ఆమె నవ్వి, "నేర్పేదేముంది నాయనా, రోజూ చూస్తే అదే చెప్తుంది," అనెను. మిషను పాఠశాలలో మా ప్రకృతిశాస్త్రపు ఉపాధ్యాయుడు, ముందు చూడుము, పిమ్మట పేరు పెట్టుము, అని మాకు నిత్యము బోధించుచుండెడివాడు. అక్షరము రాని యా తల్లి ఆ పాఠమును పాటించుచుండెను, నేను మరచియుంటిని.

దినముల లెక్క వ్యర్థమని నా భావము కాదు. అది మనలను చేనియొద్దకు పంపుటకు పనికివచ్చును. చేనియొద్దకు పోయిన పిమ్మట నిర్ణయము లెక్కది కాదు, ఆకుది. ఒకే చేనియందే మెరకనున్న సాళ్లు ముందును పల్లపు సాళ్లు వెనుకను పండును. నల్లరేగడి చేలు నేలలోని తేమ తగ్గినకొలది మాఘ ఫాల్గునముల యెండలకు గబగబ పండును. నీరు కట్టు తేలిక నేలల పైరు నిదానించును. వీనినన్నిటిని ఒక పంచాంగము తెలుపజాలదు.

నాకు రాదగిన ఆక్షేపణల నెరుగుదును. "అయ్యా, నీవు జీతగాడవు, ఆగుమని చెప్పుట నీకు సులభము. మబ్బు పట్టినప్పుడు, కూలీలు చేజారినప్పుడు, వడ్డీ పెరుగుచున్నప్పుడు ఆగువాడు మేము," అని యందురు. ఇది న్యాయమైన మాట. ఒంటరి రైతు ఆగలేడు. ఆగుటకు కూడ కొంత బలము కావలెను. ఆ బలము లేనివాని కోర్పును బోధించుట ఆకలిగొన్నవానికి ఉపవాస మహిమను చెప్పుట వంటిది. పొగాకు మనుష్యుల యారోగ్యమునకు హాని చేయునది గదా, దానికింత శ్రద్ధ యేల యని మరికొంద రడుగుదురు. హాని నిజమే, వేరు పైరునకు మరలగలవారు మరలుట మేలనియే నేను చెప్పుదును. కాని నేడు చేలో పైరున్న రైతు తన కష్టమును సగము ధరకు పోగొట్టుకొన్నందున ఎవ్వని యారోగ్యమును బాగుపడదు.

ఒంటరివాడు చేయలేనిది సంఘము చేయగలదు. అందుచేతనే దీనిని సంఘ పత్రికలో వ్రాయుచున్నాను. నా సూచన లివి.

1. బ్యారను వంతులను ఋతువు మొదటనే తేదీలతో కట్టివేయక, వారమున కొకసారి కూడి, ఎవరి యాకు పండినదో చూచి ఆ వారపు వంతులను నిర్ణయింపవలెను. నేడు వంతు వదలుకొన్నవానికి వచ్చు వారము ముందు వంతు ఇయ్యవలెను. వంతు పోవునను భయమే సగము పచ్చియాకును కోయించుచున్నది.

2. ఇద్దరు ముగ్గురు చిన్న రైతులు ఒకే స్థానపు పండిన యాకును కలిపి యొక బ్యారను నింపుకొన వీలు కల్పింపవలెను. కర్రలకు వేరు వేరు గుర్తులు కట్టినచో తగవులు రావు. బ్యారను నిండుటకై పచ్చియాకును చేర్చు నవసరము తప్పును.

3. రెలుపు కూలిని మోపుల లెక్కన గాక దినపు లెక్కన ఇయ్యవలెను. మోపునకు కూలి యిచ్చి, పండినదానినే యేరి కోయుమనుట మనమే వారి చేతిని తొందరపెట్టి మనమే వారిని తిట్టుట యగును. పండని యాకును చెట్టుననే విడిచిన కూలివాడు మనకు డబ్బు మిగిల్చినవాడు.

4. ప్రతి రెలుపునకు రెండు మూడు దినములు ముందుగా చేనియందు నాలుగైదు చోట్ల ఆకులు విరచి, తడి గోనెలో చుట్టి నీడ నుంచవలెను. రెండు మూడు దినములలో సమముగా పసుపుబారిన యెడల చేను సిద్ధమైనది. పచ్చగానే నిలిచినచో చేను ఇంకను ఆగుమనుచున్నది. ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు.

5. గ్రామమున ఆకు చూపు తెలిసిన వృద్ధులను, అల్లువారిలోని స్త్రీలను మన కూటములకు పిలిచి మాటాడింపవలెను. వారియొద్దనున్న విద్యకు పట్టము లేదు. ఆ విద్య లేక నావంటి పట్టముగలవారు చేసిన నష్టమును పైన చెప్పితిని.

వీనిలో ఏ యొక్కటియు ప్రభుత్వపు టాజ్ఞ కొరకో, ఋణము కొరకో కనిపెట్టుకొనవలసినది కాదు. ఒక సాయంకాలము మన సంఘపు అరుగుమీద కూర్చుండి మాటాడుకొన్న తీరును. కొందరు సభ్యులు మొదటి సూచనయందు పక్షపాతమునకు చోటున్నదని చెప్పవచ్చును. పెద్ద చేను గలవాడు తన యాకే పండినదని కేకలు వేయుననుట నిజమే. అందులకే నేను ఆకును కూటమునకు తెచ్చి నలుగురి చేతులలో నుంచి చూడుమనుచున్నాను. మనుష్యుడు కేకలు వేయవచ్చును గాని పచ్చి యీనె తెల్లనిదని చెప్పింపజాలడు.

బ్యారను గోడలు మనము కట్టినవి. వంతులు మనము వ్రాసికొన్నవి. కూలి లెక్క మనము పెట్టినది. మనము చేసినవానిని మనము మార్చుకొనవచ్చును. ఆకు పండు కాలమును మాత్రము మనము చేయలేదు, మార్చలేము. మార్పదగినదానిని నిలిపి మార్పరానిదానిని తొందరపెట్టుచున్నంతకాలము మన బేళ్లు తిరిగివచ్చుచునే యుండును. ఈ మాసము రెలుపునకు దిగబోవు ప్రతి సభ్యుడును, కూలీలను పిలుచుటకు మునుపు, ఒక ప్రాతఃకాలమున సూర్యుని వీపున నుంచుకొని తన సాళ్ల వెంట నొక్కసారి యొంటరిగా నడచి, నాలుగాకుల యీనెలు త్రిప్పి చూడవలెనని నా ప్రార్థన. ఆకు పండియున్నచో ఆలస్యము వలదు. పండకున్నచో వంతును పొరుగువాని కిచ్చి యింటికి మరలుటలో చిన్నతనము లేదు.